పడుగు మీద బూజు

బుధవారం. ముసురు ఇంకా వదల్లేదు.

మగ్గానికని గంజి పెట్టిన పడుగు ఆరక బూజు పట్టింది కదా, అందులో ఒక పోగు అగ్గిపెట్టెలో పెట్టుకుని తిరుత్తణి బస్సెక్కాను. కాలేజీ మైక్రోస్కోపులో చూస్తే సన్నటి కాడ, దాని చివర గుండ్రటి తల, తల చుట్టూ పూసల్లా బీజాలు. ఆస్పర్జిల్లస్ అని నేనే గుర్తుపట్టి పొంగిపోయాను. మేడమ్ మాత్రం, "అది జీనస్ పేరే. స్పీషీస్ ఏదో పెంచి చూస్తేగానీ చెప్పలేం" అన్నారు.

సోయా సాస్ పులియబెట్టేదీ ఇందులోదే, వేరుశనగల్లో విషం నింపేదీ ఇందులోదే, ఊపిరితిత్తుల్లో చేరేదీ ఇందులోదే. తల ఒక్కలా ఉంటే అన్నీ ఒక కుటుంబమైపోతాయా? నాకేమీ అర్థం కావడం లేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ పడుగు దులుపుతూ దగ్గుతోంది. ఆ దగ్గు వానదో, బూజుదో. చూసిందంతా చెప్పాను.

"ఇంతకీ ఇది మంచిదా, చెడ్డదా పాపా?"

"తెలీదుమా."

"చదివేదానివి నీకే తెలీకపోతే నేను యాడ పోయి అడిగేది?"

మూతికి గుడ్డన్నా కట్టుకోమన్నాను. "ఇరు, ఇరు" అని నన్ను ఆగమంటూ లోపలికెళ్లి తువ్వాలు తెచ్చింది. తెచ్చి నా మూతికి కట్టింది.

"నీకు పరీక్షలు ఉండాయి" అని, వంగి, పోగుల మీది బూజును నోటితో ఉఫ్ఫుమని ఊదింది.