గొట్టం మీద అరచెయ్యి

వదినా,

నేను కులాసా. ఇక్కడ తీగ కరిగేటప్పటి వెలుగుకి కళ్ళు పాడవుతాయని బెంగపడకు, నల్లద్దాలు తియ్యడం లేదు.

జింకు తీగను కరిగించి, తుప్పు పట్టకుండా ఇనుప గొట్టాల మీద గాలితో చిమ్మడం మా పని. ముందు ఇసుక కొట్టి గొట్టాన్ని గరుకు చేస్తాం. ఆ తర్వాత ఉత్త చేత్తో తాకకూడదు; చెమట అంటితే పూత నిలవదు. చేతికి తొడుగుల్లేవని రోజూ మమ్మల్ని తిట్టిపోసే మేస్త్రి, మొన్న ఇసుక కొట్టిన ఒక గొట్టాన్ని చూసి మురిసిపోయి "శభాష్!" అని ఉత్త చేత్తో దాన్ని చరిచాడు. నిన్న చూస్తే సరిగ్గా అక్కడే పూత పెచ్చు లేచింది, అయిదు వేళ్ళతో సహా. "ఎవడిదిరా ఈ చెయ్యి?" అని గర్జించి, తన చెయ్యే ఆనించి చూసుకుని, "సర్లే, మళ్ళీ ఇసుక కొట్టండి" అన్నాడు నీళ్ళు నములుతూ.

అన్నయ్య మోకాలి నొప్పి తగ్గిందా? ఇంటికి సున్నం వేయిస్తున్నారటగా. మా గది తలుపు పక్కన మా పాప నూనె చేత్తో అద్దిన మరక ఉంది. నూనె మీద సున్నం నిలవదని గీకేస్తారేమో, దాన్ని మాత్రం గీకనివ్వకు వదినా. నేనొచ్చేసరికి పాప చెయ్యి ఎలాగూ పెద్దదైపోతుంది. ఆ చిన్న చెయ్యి నాకు అక్కడే ఉండాలి.

అన్నయ్యకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ మరిది