ఎడమచేతి గద

శ్రావణ శనివారం, 2007. ములకలపల్లి.

బొమ్మలు ఇచ్చి వద్దామని భద్రాచలం వెళ్లాను. నా కర్రబొమ్మలు పెట్టుకునేది యాదగిరి దుకాణం ఒక్కటే. అక్కడ ఈరోజు ఒక ప్లాస్టిక్ హనుమంతుణ్ణి చూశాను. పెద్ద కంపెనీవాళ్లు పాతకాలం బొమ్మలంటూ కొత్తగా తెచ్చారట. దారం లాగితే గద పైకి లేస్తుంది, అచ్చం మా బొమ్మలాగే. గద కూడా ఎడమచేతిలోనే ఉంది. నాన్నది ఎడమచేతి వాటం, తెలియకుండానే గదను అటువైపు చెక్కేశాడు. నాన్న పోయాక ఆ పొరపాటునే నేనూ ఇన్నేళ్లుగా చెక్కుతున్నాను. దాన్ని కూడా వాళ్లు అచ్చుపోశారు.

అప్పుడే దుకాణానికి వచ్చిన, పాత బొమ్మలు సేకరించే పాల్వంచ ఇంజనీరుగారు నా బొమ్మను తిప్పి తిప్పి చూసి, "ఏందమ్మా, మీరు గూడ కంపెనీ బొమ్మను చూసి చేస్తున్నరా?" అన్నారు.

"అయ్యో సారూ, గది వీళ్ల నాయిన చేసిన బొమ్మనే!" అని యాదగిరి నవ్వాడు. ఆయన వెళ్లాక మాత్రం మెల్లగా అన్నాడు: "అక్కా, జర గద కుడిచేతికి మార్చు. లేకుంటే అందరూ నకలనే అంటరు. ఎంతమందికని చెప్పాలె? ఇగ నేను పెట్టుకోలేను."

తిరుగు బస్సులో కళ్లు మూతలు పడ్డాయి. వానలో అడవంతా పచ్చటి పొగలా కదిలిపోతుంటే, ఆ మగతలో తెల్లటి చెక్కపొట్టు రాలుస్తూ నాన్న చెయ్యి కనిపించింది. ముఖం ఎంతకీ రాలేదు.

ప్రతి బొమ్మకూ కళ్లు దిద్దాక, గద ఎడమచేతికి ఇచ్చినందుకు మన్నించమని స్వామికి దండం పెట్టుకోవడం నా అలవాటు. ఈ సాయంత్రం కూడా ఒక బొమ్మకు కళ్లు దిద్దాను, దండం పెట్టాను. మన్నించమని మాత్రం అడగలేకపోయాను.

స్వామీ, ఆ తప్పు నాకు ఉండనీ.