పెట్టెలో లేని పుస్తకం

కూకట్‌పల్లి,
ఆదివారం సాయంత్రం.

అక్కకి,

నమస్కారాలు. నువ్వు, బావగారు, చంటిది అంతా కులాసాయేనా? నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? నేను బాగానే ఉన్నాను. నిజంగానే బాగున్నాను, టీవీ చూసి కంగారుపడకు. ఫోన్‌లో చెబితే సగం వినకుండానే బావగారి చేతికి ఇచ్చేస్తావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మెస్‌లో పప్పు నీళ్ళలా ఉంటోంది, అయినా తింటున్నాను. తెలంగాణ బంద్ అయినప్పుడల్లా ఆఫీసు మూసేసి, బదులుగా శనివారాలు పని చేయిస్తున్నారు. "అక్కడ నిన్నెవరైనా ఏమైనా అంటున్నారా?" అని పదేపదే అడుగుతున్నావు కదా. నన్నెవరూ ఏమీ అనలేదక్కా. అన్నది నేనే.

యాదగిరి గురించి చెప్పానుగా, మా టీమే, చందానగర్‌లో ఉంటాడు. నాకు జాజ్ పిచ్చి ఎక్కించింది వాడే. నువ్వు 'బాకాల గోల' అంటావే, అదే. ఎప్పుడో మన తాతల కాలంలో అమెరికాలో వాయించిన రికార్డుల్ని గరగర చప్పుడు తీసేసి, శుభ్రం చేసి, పెట్టెలుగా మళ్ళీ విడుదల చేస్తారు. ఒకే పాట నాలుగుసార్లు ఉంటుంది. మధ్యలో తప్పు దొర్లి ఆపేసినవి కూడా వదలరు. యాదగిరికి ఆ తప్పు వాయించినవే ఇష్టం, విని పడీపడీ నవ్వుతాడు. ఒక్కో పెట్టె ఒక్కడు కొనేంత చవక కాదు, అందుకని ఇద్దరం కలిసి తెప్పించుకుంటాం. ఎనిమిది సీడీలుంటే నాలుగు నా దగ్గర, నాలుగు వాడి దగ్గర. నెలకో శనివారం వాళ్ళింట్లో మార్చుకుంటాం. ఎవరు ఏం వాయించారో, ఏ ఊళ్ళో రికార్డు చేశారో రాసిన లావుపాటి పుస్తకం కూడా వస్తుంది. నా గదిలో చెమ్మ కాబట్టి అది వాడి దగ్గరే ఉంటుంది.

పోయిన నెల మా శనివారం కూడా ఆఫీసుకే పోయింది. ఆ చిరాకులో క్యాంటీన్‌లో, "మేం ఆంధ్రావాళ్ళం రాకపోతే ఈ హైటెక్ సిటీలో ఏముంది, రాళ్ళు తప్ప?" అనేశాను. వాడు ముద్ద కంచంలో వదిలేశాడు.

"ఆ రాళ్ళ నడుమనే మా అమ్మమ్మ జొన్నలు పండించింది. పుప్పాలగూడల ఎవర్నన్న అడుగు" అని లేచి వెళ్ళిపోయాడు.

తర్వాత మూడు వారాలు మాటల్లేవు. పక్కపక్కనే కూర్చుని మెయిల్స్ రాసుకున్నాం, సిగ్గుచేటు. తప్పు నాదని తెలుసు, ఒప్పుకోవడానికి పొగరు అడ్డొచ్చింది. మొన్న సోమవారం నా కుర్చీలో న్యూస్‌పేపరు చుట్టిన పొట్లం. విప్పితే వాడి నాలుగు సీడీలు. ఇంటికొచ్చి ఎనిమిదీ పెట్టెలో సర్దాను. పుస్తకం ఉండాల్సిన చోటు ఖాళీ. పగబట్టి దాచుకున్నాడని మండిపోయాను. తీరా సీడీ పెట్టుకుంటే ఆ బాకా ఎవరిదో తెలియదు, పక్కన కూర్చుని చెప్పేవాడు లేడు. కోపం పోయి ఏడుపొచ్చింది.

ఇవాళ పొద్దున్నే పెట్టె చంకన పెట్టుకుని చందానగర్ వెళ్ళాను. వాళ్ళమ్మగారు తలుపు తీశారు.

"ఏంది బిడ్డా, గిన్ని దినాలాయె, మా ఇల్లు యాది మరిచినవా?" అంటూ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్ళారు. మా గొడవ గురించి వాడు ఆవిడకి ఏమీ చెప్పినట్టు లేదు.

యాదగిరి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఆ మాట తప్పురా. అనకూడదు. నన్ను క్షమించు" అన్నాను. వాడు తలూపాడు, అంతే. పెట్టె తెరిచి, "పుస్తకం ఇవ్వడం మర్చిపోయావు" అన్నాను.

"మర్చిపోలే. అది గూడ ఇస్తే ఇగ నువ్వు మా ఇంటికి దేనికొస్తవ్?" అన్నాడు.

నాలుగు సీడీలు అక్కడే పెట్టేసి వచ్చానక్కా. పుస్తకం అడగలేదు.

బావగారికి నమస్కారాలు, మీ అత్తగారికి నా దండాలు చెప్పు. చంటిదానికి ముద్దులు. నీ చెయ్యి ఎప్పుడూ నా తలమీదే ఉండాలి.

నీ తమ్ముడు,
శ్రీను