శ్రావ్య ఫారంలో లేని పేజీ

ఏవండీ,

మీరు పోయి ఇవాళ్టికి మూడేళ్ళు. పొద్దున్నే పెసరట్టు వేసి మీ ఫొటో ముందు పెట్టాను. మన శ్రావ్యకి మీరు పనిచేసిన గవర్నమెంట్ లీగల్ ఆఫీస్‌లోనే ఆఫర్ వచ్చింది. సంతోషించాల్సింది పోయి నాకు భయం వేస్తోంది.

మీకప్పుడు ఇచ్చిన ఫారమే దానికీ ఇచ్చారండీ. ఇంతవరకూ రాసి అచ్చయినవన్నీ జతచేయమనే ఫారం. మిమ్మల్ని జడ్జిగా నామినేట్ చేసినప్పుడు, ఇక్కడి తెలుగు సంఘం ఏటా వేసే సావనీర్‌లో రాసిన వ్యాసాన్ని కూడా మీరే ఇంగ్లీషులోకి మార్చి పంపారు. విమానాలు గుద్ది జంట టవర్లు కూలిన ఏడాది రాసిన వ్యాసం, అనుమానం ఉంటే చాలు, కేసు లేకుండానే మనిషిని లోపల పెట్టొచ్చని.

"తెలుగులో ఉన్నది అక్కడెవరు చదువుతారండీ?" అని బతిమాలాను.

"దాచిపెట్టేవాణ్ణి జడ్జినెలా అవుతానే?" అన్నారు.

జడ్జిల పేర్లు ఆమోదించే సెనేట్‌లో ఆ వ్యాసమే పట్టుకున్నారు. మీ పేరు ఓటింగ్ దాకా కూడా రాలేదు. మీ భావాలే ఉన్న కన్సర్వేటివ్ స్నేహితులు కూడా ఫోన్ ఎత్తడం మానేశారు.

ఇందాక శ్రావ్య మేడ మీంచి అడిగింది. "అమ్మా, నేను ఇంకేమైనా రాశానా? నీకు గుర్తుందా?"

"లేదమ్మా" అనేశాను.

ఉంది. మీ వ్యాసం వచ్చిన మరుసటి ఏడాది సావనీర్‌లో, పిల్లల పేజీలో రాసింది. మా నాన్న రాసింది తప్పు, గవర్నమెంట్ చేస్తున్నదీ తప్పు అని. దాన్ని చింపేద్దామనే మీ ఫైలు తీశాను. పేజీకి మీ చేతిరాతతో చీటీ గుచ్చి ఉంది: "శ్రావ్య ఫారం నింపే రోజున ఇవ్వాలి."

భయంలో ముందు ఆ చీటీనే చింపాను. పేజీ నా ఒళ్ళోనే ఉంది. మేడ మీద ప్రింటర్ ఆగింది. శ్రావ్య మెట్లు దిగుతోందండీ.