స్కాట్లాండు కవి, సజ్జా కవి

దుబాయ్, 8 జనవరి 2024

మావారు మంగరాజు గారికి నాగదుర్గ నమస్కరించి వ్రాయునది.

మాట మధ్యలో ఫోను పెట్టేస్తారని కాగితం మీద పెడుతున్నాను. కూరగాయల వ్యాను యాసీన్ మీ సజ్జా లేబరు క్యాంపులో ఇస్తాడు. ఒకటో తారీఖుకి ఇక్కడి ఇంటర్నేషనల్ సిటీలో మన గది ఖాయమే కదా? మూడేళ్ళకు ఒకచోట ఉండబోతున్నాం.

నేను పనిచేసే ఇంటి మేడమ్‌ది స్కాట్లాండు. ఈ ఇరవై అయిదున వాళ్ళ గొప్ప కవికి ఇంట్లో పుట్టినరోజు విందు. ఆయన పోయి రెండొందల ఏళ్ళు దాటిందట. గొర్రె పొట్టలో మాంసం కూరి వండి, దాని ముందు నిలబడి పద్యం చదువుతారట. అది వాళ్ళిష్టం. కానీ ఆ మహానుభావుడి మొదటి బిడ్డను కన్నది ఇంట్లో పనిచేసే పిల్ల. ఆ పిల్లను చేసుకోలేదు. ఇంకొకామె కడుపులో కవలలుండగానే మరొకామెతో ప్రమాణాలు. మేడమ్ నవ్వుతూ చెబుతుంటే ఒళ్ళు మండి, బంగాళాదుంపలు తొక్కతో పాటు సగం చెక్కేశాను.

ఇట్లు,
మీ నాగదుర్గ

తా.క.: మీరూ క్యాంపులో కవిగారే కదా. ఈ మధ్య ఎవరి మీద రాస్తున్నారు?

సజ్జా, 11 జనవరి

చి.ల.సౌ. నాగదుర్గకు మంగరాజు ఆశీర్వదించి వ్రాయునది.

డొంకతిరుగుడు వద్దు. చచ్చినవాడికి తద్దినం పెడతారు గాని పుట్టినరోజు చేస్తారా? గొర్రె పొట్టకు పద్యం చదువుతారా? కట్టుకథ అల్లి నన్నే పొడుస్తున్నావని తెలియనంత వెర్రివాణ్ణి కాను. ఈ క్యాంపులో కవిని నేనొక్కణ్ణే. నీ చెవిలో ఊదింది మా క్యాంపు వెంకటరాజేనా? పగలంతా వెల్డింగు పొగలో చచ్చేవాడు ఒక ముక్క రాసుకుంటే తప్పా? మళ్ళీ స్కాట్లాండు మాటెత్తితే గదీ లేదు, ఏమీ లేదు.

ఇట్లు,
నీ భర్త మంగరాజు

తా.క.: నేను రాసింది ఒక్క పాటే. అదీ ఆమె అడిగితే.

దుబాయ్, 17 జనవరి

మంగరాజు గారికి నాగదుర్గ వ్రాయునది.

మాటెత్తొద్దన్నారు కాబట్టి మిగతాదీ అడిగి తెలుసుకున్నాను. ఆ కవి ఒక గొప్పింటావిడకు మారుపేరుతో ప్రేమలేఖలు రాశాడట. ఉత్తరాలు ఆవిడకు, బిడ్డ ఆవిడ పనిమనిషికి. చివరికి పెళ్ళాడింది ఆ కవలల తల్లిని. సారా కొట్టులో పనిచేసే పిల్లకు అతని వల్ల పుట్టిన బిడ్డను కూడా ఆవిడే పెంచిందట. ఎంత మంచిదో అంది మేడమ్. నాకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. విందులు ఆయనకు, చాకిరీ ఆవిడకు. నేనైతే పెంచను, ముందే చెబుతున్నాను.

నాగదుర్గ

తా.క.: ఆమె ఎవరు?

సజ్జా, 19 జనవరి

నాగదుర్గ గారికి మంగరాజు నమస్కరించి వ్రాయునది.

నీకు మొత్తం తెలిసిపోయిందని అర్థమైంది. ఇక దాచను. ఆమె పేరు మాలతి. గొప్పింటావిడ కాదు, సారా కొట్టు అసలే కాదు. బ్యూటీ పార్లరులో పని. మన గది చూడ్డానికి వెళ్ళినప్పుడు పరిచయం, ఆ ఫ్లాటులోనే పక్క గది ఆమెది. నాకు పెళ్ళి కాలేదని ఆమెతో చెప్పిన మాట నిజమే. గది మా అక్క కోసమని చెప్పిన మాటా నిజమే. అంతకు మించి చెయ్యి కూడా తాకలేదు, అమ్మ మీద ఒట్టు. నువ్వు దిగేలోగా ఏదో ఒకటి చెప్పి సర్దుదామనుకున్నాను.

క్షమించమని కోరుతూ,
మంగరాజు

తా.క.: కవలల సంగతి మాత్రం పచ్చి అబద్ధం. అది పుట్టించినవాడు దొరికితే పళ్ళు రాలగొడతాను.

ఇంటర్నేషనల్ సిటీ, 1 ఫిబ్రవరి

మంగరాజుకి,

నమస్కారాలు లేవు. ఆ కవి నిజంగానే ఉన్నాడు, నిజంగానే పోయాడు. వెంకటరాజు నాతో ఒక్క ముక్క అనలేదు. నీ సంగతి నువ్వే చెప్పావు, సంతకం పెట్టి మరీ.

విందులో ఒక మగాయన లేచి ఆడవాళ్ళను పొగడాలి, ఒక ఆడమనిషి జవాబు చెప్పాలి. అది వాళ్ళ ఆనవాయితీ. జవాబు చెప్పాల్సినావిడకు జ్వరమొస్తే మేడమ్ నన్ను నిలబెట్టింది. నీ ఉత్తరం చదివాను, వచ్చిన హిందీలో, రాని ఇంగ్లీషులో. మగవాళ్ళు నవ్వారు. గది అక్క కోసమన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళెవరూ నవ్వలేదు.

మర్నాడు ఆ ఫ్లాటుకి వెళ్ళి మాలతి తలుపు కొట్టి, "మంగరాజు అక్కనమ్మా" అన్నాను. కాళ్ళకు దండం పెట్టబోయింది పిచ్చిది. నిజం చెప్పాక ఇద్దరం కూర్చుని నిన్ను నోరారా తిట్టుకున్నాం. ఇవాళ మన గదిలో నేను దిగాను, ఆమె తన గది ఖాళీ చేసి నా గదిలోకి వచ్చింది. నీకు ఇక్కడ మంచం లేదు, తాళంచెవి లేదు. ఖలాస్.

నాగదుర్గ

తా.క.: మన పెళ్ళికి నామీద రాసిన పాటే మాలతికీ ఇచ్చావు, పేరు ఒక్కటి మార్చి. ఆ స్కాట్లాండువాడు ఎంత వెధవైనా ఎవరి పాట వాళ్ళకే రాశాడు.