జార్ వెనక గీత

నవంబర్ 9, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టర్‌గారు నన్ను ఆపారు. క్రిస్మస్ నాటి ప్రభు బల్లకు, అందరూ వరసగా ఒకే కప్పులోంచి గుక్కెడు తీసుకునే ద్రాక్షారసం ఈసారి నేను చేయాలట. ఇరవై రెండేళ్ళుగా మా కోరుట్ల చర్చికి సత్యవ్వే చేస్తోంది. ఆమెకు ఇప్పుడు చూపు ఆనడం లేదు. ల్యాబ్ టెక్నీషియన్‌ని కాబట్టి నా చేతికి కొలత తెలుసని పెద్దలు అనుకున్నారట. అడగ్గానే సరే అన్నాను. మా అమ్మ బతికినంతకాలం ఈ చర్చి ఊడ్చింది. అదే చర్చిలో బల్లకు రసం పోసేది ఇక నేను. ఇంటికి వచ్చేదాకా కాళ్ళు నేలమీద లేవు.

బాలరాజుకు చెప్పాను. మంచిదే అన్నాడు. అంతే. ఇంటి ముందరి షాపులో మోటారుకు రాగితీగ చుడుతూ తల కూడా ఎత్తలేదు. పెళ్ళాం గౌరవం మొగుడికి ఎందుకు చేదయ్యిందో కనిపెట్టాలి.

నవంబర్ 11

డ్యూటీ దిగి సత్యవ్వ ఇంటికి వెళ్ళాను. కిలో కిస్మిస్, గుప్పెడు గోధుమలు, కిలోన్నర చక్కెర, ఐదు లీటర్ల నీళ్ళు. చక్కెర ఒకేసారి పోయొద్దట, ఈస్ట్‌కు ఊపిరాడదట. ఇప్పుడు కిలో, ఐదో రోజు మిగతాది. బెల్లం వాడొచ్చా అని అడిగితే ముసలామె ముఖం మాడ్చింది.

"బెల్లం ఎయ్యకు బిడ్డా. గుడుంబ వాసనత్తది. దేవుని బల్ల మీద గా వాసన ఎందుకు?"

చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి ఇంకో మాట వేసింది. కప్పు వచ్చే వేళకు మీ ఆయన బయటికి ఎందుకు పోతాడు అని. మా దగ్గర మనసులో ఏదైనా తప్పు పెట్టుకున్నవాళ్ళే కప్పును దాటనిస్తారు. బండి చూసుకోవడానికి పోతాడేమో అన్నాను. మూడేళ్ళనుంచీ నెలనెలా అదే బండా అంది. చూపు ఆనని మనిషికి ఇది మాత్రం ఆనింది.

మూడేళ్ళ క్రితమే తాగుడు మానేశాడు. అంతకుముందు సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసినప్పుడు తాగని రోజు లేదు. అప్పుడు కప్పు తీసుకున్నాడు. మానేశాక తీసుకోవడం లేదు. ఇది తలకిందుల లెక్క.

నవంబర్ 13

జగిత్యాల వెళ్ళి పది లీటర్ల గాజు జార్, బేకరీ సామాను దుకాణంలో ఈస్ట్ కొన్నాను. సాయంత్రం అన్నీ కలిపాను. తీపి కొలవడానికి ల్యాబ్‌నుంచి యూరినోమీటర్ తెచ్చాను. కొత్తది, సీల్ విప్పనిది. అయినా అది దేన్ని కొలిచేదో సత్యవ్వకు తెలిస్తే నన్ను చర్చి మెట్టు ఎక్కనివ్వదు. అరవై దాటితే చూపించదు కాబట్టి సగం నీళ్ళు కలిపి చూశాను. నలభై ఐదు. చక్కెర సారాగా మారేకొద్దీ ఈ అంకె దిగాలి.

నోరు అబద్ధం చెప్తుంది, శాంపిల్ చెప్పదు. పద్నాలుగేళ్ళుగా నా నమ్మకం ఇదే.

నవంబర్ 17

ముప్పై! నురగ జార్ మెడదాకా వచ్చింది. చెవి పెడితే బుసబుసమంటోంది. ఇల్లంతా వాసన. నాకు పండగలా ఉంది.

బాలరాజు కంచం పట్టుకెళ్ళి అరుగు మీద తింటున్నాడు. తలనొప్పట.

నవంబర్ 18

నురగ లేదు. చప్పుడు లేదు. చచ్చిపోయింది.

నవంబర్ 19

రాత్రికి రాత్రి ఎలా ఆగుతుంది? ఈస్ట్ మళ్ళీ వేశాను, లేవలేదు. ఇది చక్కెర పనే. తెల్లగా రావడానికి గంధకం పొగ పెడతారని చదివాను. ఆ గంధకమే నా ఈస్ట్‌ను చంపి ఉంటుంది. చక్కెర ఫ్యాక్టరీలు నడిచిన కాలంలో ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ చెరుకువే. అంత చెరుకు పండించిన చోట నమ్మకంగా కిలో చక్కెర దొరకదు.

బెల్లం కొందామని దుకాణానికి పోయాను. సత్యవ్వ వద్దంది నిజమే. కానీ సత్యవ్వ చెప్పిన చక్కెరే కదా ముంచింది. తెల్లబెల్లంలో సోడా కలుపుతారు, నల్లది ఇవ్వమన్నాను. సేటు కళ్ళద్దాలు పైకి జరిపి నన్ను నిలువునా చూశాడు.

"మొక్కుకా మేడం, గుడుంబకా?"

బెల్లం మొక్కు చెల్లించే సమ్మక్క జాతరకు ఇంకా రెండు నెలలుంది, కాబట్టి మొక్కు అన్నా నమ్మడు. చర్చికి అన్నాను. ఇంకా అనుమానంగా చూశాడు. ఆధార్ నంబరు, ఫోను నంబరు రాసుకుని రెండు కిలోలిచ్చాడు. నేను ఆడమనిషిని, ల్యాబ్ కోటు వేసుకుని ఉన్నాను, అయినా ఎక్సైజు వాళ్ళకు చెప్పేవాడిలాగే చూశాడు. ఎదుటివాళ్ళను ఊరికే అనుమానించడం ఎంత చెడ్డ గుణం!

నవంబర్ 20

బెల్లం ముక్క మీద యాసిడ్ చుక్క వేశాను. పొంగలేదు. సోడా లేదు. మొదటి జార్ మందారం చెట్టుకు పోసి, కొత్తది కలిపాను. ఈసారి జార్ వెనక, గోడవైపు, నీటి మట్టం దగ్గర మార్కర్‌తో సన్నగా గీత గీశాను. ఎందుకో రాయను.

నవంబర్ 25

బెల్లంది చక్కెరకంటే దూకుడుగా పొంగింది. నిన్న ముప్పై. నిజంగానే గుడుంబ వాసన, ముసలామె అబద్ధం చెప్పలేదు. డ్యూటీనుంచి వచ్చేసరికి చల్లారిపోయింది. గీతకు రెండు వేళ్ళు కిందికి ఉంది.

యూరినోమీటర్ వేశాను. ముప్పై ఆరు.

మిగతా బెల్లం నేనింకా వేయలేదు, ఒకసారి దిగిన అంకె దానంతట అది పైకి ఎక్కదు. మూడుసార్లు చూశాను. ఎవరో తాగారు. తాగి, తేడా తెలియకుండా చక్కెర కలిపారు. ఇంట్లో ఉండేది ఇద్దరం. నేను తాగలేదు.

నవంబర్ 26

గ్యాస్ అయిపోయింది. ఇద్దరికి సరిగ్గా రెండు నెలలొచ్చే సిలిండర్ యాభై ఐదు రోజులకే.

పెద్ద గంజు కడిగి బోర్లించి ఉంది. నేను కడగలేదు. పెళ్ళయ్యాక బాలరాజు తనంతట తాను గిన్నె కడగడం ఇదే మొదలు. తప్పుచేసిన మొగుడే గిన్నెలు కడుగుతాడు.

అడిగేద్దామనుకున్నాను. అడిగితే ఏమంటాడు, లేదంటాడు. ఆ లేదనే మాట సిరిసిల్లలో వందసార్లు విన్నాను. అంగీ వాసన చూసి, జేబులో సీసా మూత దొరికి, అది చేతిలో పెట్టినా లేదనేవాడు. ఆ రోజులు మళ్ళీ వస్తే నేను తట్టుకోలేను. నాకు కోపంకంటే భయంగా ఉంది.

నవంబర్ 29

వయసు నలభై దాటింది, షుగర్ చూద్దాం అని బాలరాజుతో అన్నాను. చెయ్యి చాపాడు. రెండు ట్యూబులు తీశాను. ఒకటి షుగర్‌కు. రెండోది లివర్‌కు, తాగేవాళ్ళకు పెరిగే జీజీటీ చూడటానికి. దాని సంగతి చెప్పలేదు.

సాయంత్రం 4 గంటలకు

షుగర్ తొంభై నాలుగు. జీజీటీ ఇరవై రెండు. నార్మల్.

మెషిన్‌ను నమ్మలేదు. ముందే విలువ తెలిసిన కంట్రోల్ శాంపిల్ వేసి సరిచూసి మళ్ళీ పెట్టాను. ఇరవై ఒకటి.

డిసెంబర్ 2

సెలవు పెట్టి సిరిసిల్ల బస్సెక్కాను. ల్యాబ్ పెద్ద సారుతో పని అని ఇంట్లో అబద్ధం. పాత రోజుల్లో బాలరాజుతో కూర్చున్నవాళ్ళలో దశరథం ఒకడే ఇప్పుడు మిగిలాడు. కిరాణా ముసుగులో బెల్టుషాపు నడుపుతున్నాడు. మా ఆయన వస్తున్నాడా అని సూటిగా అడిగాను. నవ్వాడు.

"వాడు నా దిక్కే సూస్తలేడు చెల్లె. సామాన్లకని సిరిసిల్లకత్తే, వాసనత్తదని ఈ గల్లీ ఇడిశిపెట్టి సుట్టు తిరిగి పోతడు."

తాగుబోతుకు తాగుబోతు సాక్ష్యం. తిరుగు బస్సులో ఆ మాట మళ్ళీ మళ్ళీ గుర్తొచ్చింది. ఇద్దరూ కలిసి ముందే అనుకున్నారేమో.

డిసెంబర్ 4

చివరి ప్రయత్నం. పటికబెల్లం. ఖరీదెక్కువే, కానీ గాజుముక్కలా అటునుంచి ఇటు కనిపిస్తుంది, కల్తీ దాచే చోటు లేదు. దంచి, గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి, నిమ్మరసం పిండి పోశాను. క్రిస్మస్‌కు మూడు వారాలే ఉంది. జార్ వెనక గీత.

బాలరాజు గుమ్మంలో నిలబడి చూశాడు. మళ్ళా ఏస్తున్నవా అన్నాడు. అవునన్నాను. ఏదో అనబోయి షాపుకు పోయాడు. ఆ గొంతులో ఆశ పడ్డట్టు నాకు వినిపించింది.

డిసెంబర్ 8

ముప్పై ఒకటి. బుసబుస. చర్చికి వచ్చే కిష్టవ్వ దారిలో అడిగింది, రసం ఎంతవరకు వచ్చిందని. బ్రహ్మాండం అన్నాను.

రెండుసార్లూ ముప్పైకి దిగిన మర్నాడే చల్లారింది. రేపు పట్టుకుంటాను.

డిసెంబర్ 9, మధ్యాహ్నం 12.15

స్కూటీ గల్లీ మొదట్లోనే ఆపి నడిచి వచ్చాను. షాపు షట్టర్ సగం దించి ఉంది. ఇంటి తలుపు దగ్గరకు వేసి ఉంది. వంటింట్లో కిటికీలన్నీ తెరిచి, టేబుల్ ఫ్యాన్ పెట్టి ఉంది. స్టవ్ మీద పెద్ద గంజు. జార్ ఖాళీగా నేల మీద.

ముక్కుకూ నోటికీ తడి తువ్వాలు కట్టుకున్నాడు. ముఖం కిటికీ వైపు తిప్పుకుని, చెయ్యి మాత్రం ఇటు చాపి గరిటెతో తిప్పుతున్నాడు. ఆవిరి తగలకుండా వీలైనంత దూరంగా నిలబడ్డాడు. నన్ను చూసి తువ్వాలు కిందికి లాగాడు.

"తాగలె కృపా. కాగవెడుతున్న."

గ్యాస్ సిమ్‌లో పెట్టి, గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. నేనూ ఎదురుగా కూర్చున్నాను. మెల్లగా చెప్పాడు. మొదటి జార్ పొంగినప్పటినుంచీ ఆ వాసనకు నిద్రలేదట. షాపులో ఉన్నా ముక్కులో అదేనట. నాలుగు రోజులు ఆగితే తాను ఆగలేడని తెలుసట. కాగబెడితే సారా అంతా ఆవిరైపోతుందని, మళ్ళీ పొంగదని ఎవరో చెప్పారట.

"పారవోద్దామంటే దేవుని బల్లకాయె. నీతోని చెప్దామంటే నువ్వు గంత సంబురంగ ఉంటివి."

కప్పు గురించి అడిగాను. మళ్ళీ మొదలవ్వడానికి ఒక్క గుక్క చాలు, అన్నాడు. కరీంనగర్‌లో మాన్పించిన డాక్టరు ఒక్క చుక్క కూడా వద్దన్నాడట. ఆ మాట పదిమందిలో చెప్పలేక, కప్పు తన వరుసకు వచ్చేముందు చెప్పులేసుకుని బయటికి పోతున్నాడు. మూడేళ్ళు. పాపం ఉందని ఊరనుకున్నా ఊరుకున్నాడు.

తర్వాత నా ముఖంలోకి చూడకుండా అడిగాడు.

"షుగర్‌కు రెండు ట్యూబులెందుకు? ఆ రెండో దాంట్ల ఏమచ్చింది?"

తెలుసు. తెలిసే చెయ్యి చాపాడు.

మధ్యాహ్నం 3 గంటలకు

ల్యాబ్‌కు తిరిగి పోలేదు. మరిగితే సారా పోతుంది, నీరు తగ్గుతుంది, చక్కెర మిగులుతుంది. మట్టం దిగుతుంది, అంకె ఎక్కుతుంది. నేను చదువుకున్న పాఠమే. గీత, అంకె, గ్యాస్, గంజు అన్నీ నిజమే చెప్పాయి. శాంపిల్ అబద్ధం చెప్పలేదు. నేను వినదలుచుకున్నది వేరే.

పద్నాలుగేళ్ళలో ఎవరి రక్తమూ దొంగతనంగా తీయలేదు. మొగుడిది తీశాను. ఆయన మూడేళ్ళుగా తనతో తానే పోట్లాడుతుంటే, నేను గౌరవం అనుకుని ఆ వాసనను తెచ్చి ఆయన వంటింట్లో పెట్టాను. తేవాలా వద్దా అని ఒక్క మాట అడగలేదు. సిగ్గుగా ఉంది.

డిసెంబర్ 14, ఆదివారం

పెద్దల ముందు చెప్పాను. నేను కొన్న చక్కెర మంచిది కాదు, రసం మూడుసార్లు చెడింది, నాకు చేతకాలేదు అన్నాను. బాలరాజు పేరు ఎత్తలేదు. ల్యాబ్ చదువు చదివి చక్కెర ఎంచుకోవడం రాలేదా అని సత్యవ్వ అందరి ముందూ కడిగేసింది. తలొంచుకుని విన్నాను. ఎన్నడూ లేనిది, మాట పడ్డా నొప్పి కలగలేదు.

ఈసారికి కిస్మిస్ నానబెట్టి కాచిన రసం పోస్తానని అడిగాను. పాస్టర్‌గారు కాసేపు నన్నే చూశారు. ఇక ప్రతిసారీ అదే పోద్దాం అన్నారు. ఆయనకు ఏం తెలుసో, ఎంత తెలుసో నాకు తెలియదు. ఆరా తీయదలుచుకోలేదు.

డిసెంబర్ 24, ఉదయం

కిస్మిస్ కాచాం. గరిటె ఆయనే తిప్పాడు. తువ్వాలు భుజం మీదే ఉంది. చక్కెర డబ్బా అందిస్తే వద్దన్నాడు, కిస్మిస్ తీపి చాలట. జార్ వెనక గీతను స్పిరిట్‌తో తుడిచేశాను.

డిసెంబర్ 25

కప్పు మగవాళ్ళ వైపు వెళ్ళినప్పుడు వెనక్కి తిరిగి గుమ్మం చూశాను. ఆయన చెప్పులు అక్కడే ఉన్నాయి.