చుట్టకుదురు నా సంచిలో ఉంది

అమ్మా,

రాత్రి బడిలో నేర్చుకున్నావు కదా, పెద్ద అక్షరాలతో రాశాను, కూడబలుక్కుని నువ్వే చదువుకో. వదినని చదవమనకు.

కోళ్ళకి నూకలు వేశాను. ఎండుచేపలు ఇసుక మీద ఆరబెట్టాను, మబ్బు పడితే తీసెయ్. నాన్న వేట నుంచి వచ్చి అడిగితే శ్రీకాకుళంలో బరువులెత్తే పోటీకి వెళ్ళిందని చెప్పు. కంప్యూటర్ పరీక్షకి వెళ్ళిందని మళ్ళీ అబద్ధం చెప్పకు.

నా పోటీ బట్టలకి తొడల దగ్గర పాత లంగా గుడ్డ అతికించావు. అలా వేసుకుంటే స్టేజీ ఎక్కనివ్వరని ఎన్నిసార్లు చెప్పాను? ఆ కుట్లు విప్పేసరికి తొలి బస్సు వెళ్ళిపోయింది. పదింటికి మా బరువు చూస్తారు, ఆలస్యమైతే పేరు కొట్టేస్తారు. మొదటిసారి పోటీకి వెళ్ళేదాన్ని ఇలాగేనా పంపడం?

నెల రోజులుగా నీది ఒకటే నస. "ఆడపిల్ల బరువులెత్తితే గర్బసంచి జారిపోద్దే, నిన్నెవుడు సేసుకుంటాడు." మరి నలభై కిలోల చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగేది ఎవరు? నేను కడుపులో ఉండగా కూడా మోశావు. నేనేమైనా జారిపోయానా?

రేపు సాయంత్రానికి వస్తాను.

అమ్ములు

నీ చుట్టకుదురు కోసం ఇల్లంతా వెతక్కు. నేనే పట్టుకెళ్తున్నాను. పోటీలో దాంతో నాకేం పని లేదు. అది తల మీద లేనిదే నువ్వు గంప ఎత్తవు. నిన్నంతా నడుం పట్టుకునే కూర్చున్నావు. ఈ రెండు రోజులూ నేనెత్తుతాను, నువ్వు పడుకో.